గురువారం పొట్లం

చైనాలోని చువాన్‌జౌలో ఒక ఇల్లు. పెద్దాయన మొదటి వర్ధంతి, మధ్యాహ్నం వేళ. పటం ముందు పళ్ళేలు, అగరుబత్తులు. ఆయన కడుపు నిండిందో లేదో చెప్పే రెండు చెక్కలు నేల మీద. ఆయన భార్య బీజెన్, కోడలు మెయ్‌చిన్.

“మళ్ళీ రెండూ బోర్లా పడ్డాయే మెయ్‌చిన్! చాల్లేదంటున్నాడు.”

“ఇంకోసారి వెయ్యండి అత్తయ్యా. గాలికి దొర్లి ఉంటాయి.”

“చెక్కలు గాలికి దొర్లుతాయటే? ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితేనే అవునన్నట్టు. అప్పటిదాకా పళ్ళేలు తియ్యకూడదు. ఇవాళ ఆకలితో వెళ్ళాడంటే మళ్ళీ ఏడాదికే కదా రావడం... ఇదిగో, వేస్తున్నా. అయ్యో, రెండూ వెల్లకిలా!”

“అంటే, నవ్వుతున్నారు మామయ్య.”

“ఏం చూసి నవ్వడం? అల్లం బాతు పెట్టాను. ఆల్చిప్పల అట్టు పెట్టాను. వెదురు మొలకల పులుసు తెల్లారి నుంచీ కాచాను. ఏం తక్కువైందట?”

“ఏమో అత్తయ్యా.”

“ఏమో అంటూ నేల చూపులెందుకు? వీపు వెనక ఆ సంచీ ఏమిటి?”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే ఇంత కంపా? అమెరికావాళ్ళ తిండి! ఛీ ఛీ, నా ఇంట్లోకా!”

“మామయ్యకి ఇష్టం అత్తయ్యా.”

“నోర్ముయ్. నలభై ఏళ్ళు నా చేతి వంట తిన్న మనిషి. ఏదీ, చూడనీ. రొట్టెల మధ్య మాంసం ముద్ద. ఇదేమిటి, చీమిడిలా సాగుతోంది?”

“చీజ్. పాలతో చేస్తారు.”

“వాక్! ఆకుకూర ఈ ఒక్క రెబ్బేనా? అదీ పచ్చిది, మేకకి వేసినట్టు. పైగా మంచుగడ్డలేసిన నల్లనీళ్ళు! అన్నిటికంటే రోత ఏమిటో తెలుసా? ఎవడి పొట్లం వాడిది. బల్ల మధ్యన గిన్నె ఉండదు, పక్కవాడి గిన్నెలో ఓ మంచి ముక్క వెయ్యడం ఉండదు. పశువులు నయం.”

“మామయ్య అలా తినలేదు.”

“అంటే, తిన్నాడన్నమాట!”

“గురువారాలు... నడకకని వెళ్ళేవాళ్ళం కదా.”

“నడక!”

“సగానికి కోయించేవారు. ఒక సగం తిని, రెండోది పొట్లం కట్టించి, ‘ఇది మీ అత్తకి’ అనేవారు. తీరా గుమ్మం దాకా వచ్చాక, మీకు భయపడి, ‘నువ్వే తినెయ్యమ్మా’ అని నా చేతిలో పెట్టేసేవారు... తిడితే తిట్టండి అత్తయ్యా.”

“కత్తి ఇలా తే. సగానికేనా? ఛీ, వేళ్ళనిండా జిడ్డు. ఆయన ముందు పెట్టు. చెక్కలు నువ్వు వెయ్యి.”

“ఒకటి బోర్లా... ఒకటి వెల్లకిలా! నిండిందట అత్తయ్యా!”

“రెండో సగం ఇటివ్వు.”

“మీరా? వాంతి చేసుకుంటారు.”

“చేసుకుంటే చేసుకుంటాను. ఈ కంపు ప్రతి గురువారం తలుపు సందులోంచి నాకు తెలుస్తూనే ఉండేదే. ఇవాళైనా లోపలికి తెస్తాడేమోనని, గడియ తీసి తలుపు వెనకే నిలబడేదాన్ని.”