తప్పు మీద రైటు

ఏందే సుశీలా, గా పోరి రాసినదాని మీద ఎర్రపెన్నుతోని గట్ల గీస్తున్నవ్? ‘ఫలం’ అంటే ‘పలం’ అని రాసిందా. పోనీ తియ్. మా యోబు పంతులుంటేనా... ఎవరంటే, మా వజ్రక్కకు అక్షరాలు నేర్పినాయన. నేనప్పటికి చంకల పిల్లగాన్ని, అక్క చెప్పంగ చెప్పంగ నేనే చూసినట్టయింది. ఇబ్రహీంపట్నంల సర్కారు బడంటే ఉర్దూనేనాయె, గీయన ఓ కొట్టంల తెలుగు చెప్తుండె. పరీక్షంటే కండువ నోటికి అడ్డం పెట్టుకొని మాట చెప్తడు. “పెదవులు చూసి కాదు బిడ్డా, చెవులతోని విని రాయాలె” అంటుండెనట. తప్పు రాస్తే ఆ పలక గోడకు ఆనిచ్చి, ఇసుకల పదిసార్లు సరిగ్గ రాసినంకనే కడగనిస్తడు. మస్తు మంచోడే గని గందుల మాత్రం మొండోడు.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు. రజాకార్లు పోయిండ్రు, ఇగ సంఘపోళ్ల కోసం పోలీసులు ఊరూరు దేవులాడుతున్నరు. సంఘమంటే గదే, దొరల మీద తుపాకి పట్టినోళ్లు. వాళ్లకు బువ్వ పెట్టిండని బొంగులూరు బుగ్గయ్యను తీస్కపోతే మల్ల రాలే. గా రోజుల్లనే పంతులు “శంఖం” అన్నడు, అక్క ‘సంగం’ అని రాసింది. సంఘాన్ని ఊరంత సంగమనే అంటరాయె, పిల్ల చెవులకు గదే వినొచ్చింది. ఇసుకల పదిసార్లు శంఖం రాసి, పలక కడుగుదామని లేసిందో లేదో, జీపొచ్చె.

జీపు దిగిన పోలీసు అమీను కోస్తాదిక్కు మనిషి. పలక చూసి, “ఏమయ్యా, పిల్లలకు సంఘం పాఠాలు చెబుతున్నావా?” అన్నడట. “లేదు సార్, శంఖం అన్న, పిల్ల తప్పు విన్నది” అన్నడు పంతులు. “అయితే నా ముందు మళ్ళీ రాయించు.”

పంతులు మొఖంల నెత్తురు లేదట. పిల్లకు వచ్చేదాక నేర్పింది ఆయననే. ఇప్పుడు సరిగ్గ రాసిందనుకో, ఇంత మంచిగ వచ్చినప్పుడు ముందుగాల సంగమని ఎట్ల రాసింది, నువ్వే రాయించినవని తీస్కపోతరు. కండువ అడ్డం పెట్టుకొని “శంఖం” అన్నడు. అక్క ఆయన కండ్లల్లకు చూసింది. ఎనిమిదేండ్ల పోరి. బలపం పట్టుకొని నిమ్మలంగ ‘సంగం’ అని రాసింది.

అమీను నవ్విండు. “ఇంతేనా నువ్వు చెప్పే చదువు” అనుకుంట జీపెక్కిండు. జీపు పోయింది. “మల్ల ఇసుకల రాయాల్నా సారూ?” అని అడిగిందట అక్క. పంతులు పలక తీస్కొని, ఆ తప్పు మీదనే ఇంత పెద్ద రైటు కొట్టిండు.

డెబ్బై ఏండ్లప్పుడు గూడ గీ ముచ్చట చెప్పుకుంట అక్క మొఖం చిన్నపిల్ల లెక్క అయితుండె. ఇప్పుడు పంతులు, అక్క ఇద్దరు పోయిండ్రు... జర గా పెన్ను పక్కకు పెట్టు. చాయ్ చల్లారుతుంది.