ఎడమవైపు సీటు

పొద్దున్నే నా బరువు సంగతి ఎత్తకు వెర్లీన్. పడవ ఎడమవైపు ఒరిగిందంటే అందులో నా తప్పు సగమే. ఇన్నేళ్ళూ నేను కుడివైపు, ఆ స్టీరింగు దగ్గర కూర్చున్నాను, సామానంతా దానికి తగ్గట్టు సర్దుకున్నాను. ఇప్పుడక్కడ నువ్వొచ్చావు, పిచ్చుకంత మనిషివి. నేనేమో ఇటొచ్చి పడ్డాను.

అందుకే నిన్నంతా గాలాల పెట్టెలు నీ వైపుకి మార్చాను. వెనక ఇంజను కూడా కాస్త కిందికి దించాను. అది ఎత్తులో ఉంటే వేగం ఎక్కువే, కానీ కొత్త చేతికి పడవ నిలవదు. చూశావా, నీకోసం వేగం వదులుకున్నాను. పెళ్ళప్పుడు కూడా ఇంత త్యాగం చెయ్యలేదు.

ఆ, నీళ్ళు లోపలికి రాకుండా పడవ అడుగు కన్నానికి బిరడా నువ్వే బిగించావు, ఒప్పుకుంటున్నాను. ఇంజను గొడవలో పడి మరిచిపోయాను. ఈ గంటర్స్‌విల్ సరస్సులో ఒక్కసారైనా బిరడా పెట్టకుండా పడవ దించనివాణ్ణి చూపించు. అయినా రేవులో అంతమంది ముందు అరవాలా?

ఆ ఎర్ర తాడు నీ లైఫ్ జాకెట్‌కి తగిలించు. నువ్వు నీళ్ళలో పడితే ఇంజను దానంతటదే ఆగిపోతుంది. నేను పడితే ఆగదు, నువ్వే ఆపాలి. ఆలోచిస్తావేం, ఆపాలి.

ఇక కుడికాలితో ఆ పెడల్ తొక్కు. పడవ ముందుభాగం లేచి ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించదు. అది కాసేపే, తర్వాత చదునవుతుంది. అప్పుడు ఆ మీట వేలితో నొక్కుతూ పడవ ముక్కు కొంచెం కొంచెంగా ఎత్తు. కాలేజీలో మాకు భౌతికశాస్త్రం చెప్పిన ముసలాయన ఒకాయన ఉండేవాడు, నీటి మీద తేలే వస్తువుల గురించి గంటలు గంటలు... సరేలే, తర్వాత చెప్తాను. ఆయనకి ఈత రాదనుకో.

ముక్కు మరీ ఎత్తావో, పడవ ఇటూ అటూ ఊగుతుంది, ఈ చెంపా ఆ చెంపా వాయించినట్టు. అప్పుడు కంగారుపడి ఠక్కున కాలు తీసెయ్యకు. ముక్కు కాస్త దించి, కాలు మెల్లిగా వదులు. చెయ్యి మాత్రం స్టీరింగు వదలకూడదు. టోపీ ఎగిరిపోతే పోనీ.

నీకు రాకపోతే ఏమవుతుందో తెలుసుగా. డాక్టరు నా కళ్ళు చూసి ఇక ఏదీ నడపొద్దన్నాడు. మనమ్మాయి డార్లా అప్పుడే పడవకి బేరం కుదిర్చేసింది. శనివారం ఆ డికేటరు ఊరి మనిషి వచ్చి పడవని తోలుకుపోతాడు. నేను ఒడ్డున కుర్చీ వేసుకుని బాతులకి రొట్టెముక్కలు వేస్తుంటాను. నీకది చూడబుద్ధవుతుందా?

అంత వెంటనే తల ఊపక్కర్లేదు. ఇక పడవ పోనీ మరి.

...

ఆపావా? ఉండు, కాస్త ఊపిరి తీసుకోనీ.

బాగానే నడిపావు. ఊగింది, ముక్కు దించావు, సర్దుకుంది. అది పట్టుబడడానికి నాకు ఒక వేసవంతా పట్టింది. నా మొహం పాలిపోయిందా? అబ్బే, ఎండకి అలా కనిపిస్తోంది.

సరే, చెప్తాను, ఈ మాట డార్లా దాకా వెళ్ళనివ్వకు. ఆ ఊగుడప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. ఈ కడ్డీ పట్టుకుని, దేవుడా, ఆ డికేటరు మనిషిని శనివారం దాకా ఆపడమెందుకు, ఇవాళే పంపించు అని మొక్కుకున్నాను. స్టీరింగు చేతిలో ఉన్నప్పుడు అది వేగం వెర్లీన్. ఇక్కడ కూర్చుంటే వేగమూ లేదు, ఏమీ లేదు, ఒట్టి భయం.

ఇన్నేళ్ళూ ఎలా కూర్చున్నావిక్కడ? అరిచేదానివా? ఇంజను మోతలో నాకు వినపడలేదు మరి.

ఇంతకీ ఆ డికేటరు అతనికేం చెప్పమంటావు? ఏమిటీ, పడవ అమ్మనంటావా?

సరే, కాదనడానికి నేనెవర్ని. కానీ ఆ ఫోనేదో నువ్వే చెయ్యి. నేను రావొద్దని చెప్తే, నా గొంతు విని, రమ్మంటున్నాననుకుని అతను తప్పకుండా వచ్చేస్తాడు.