కొత్తపట్నం దాకా వెళ్లిన పైపు

మాబు నోరు తెరిస్తే నిజం గోడ దూకి పారిపోతుందని హాస్టల్ ఎదుట టీకొట్టు నడిపే ఖాదర్‌బీ అంటుంటుంది. ఆ మాటకు అందరికంటే గట్టిగా తలూపేది మాబు పెళ్లాం కరీమున్. పాతికేళ్ల కాపురంలో అతని కోతలకు ఆమె సిగ్గుపడని రోజు లేదు. అలాంటిది ఇవాళ టీకొట్టు బల్ల చివర కూర్చుని, ఈయన ఇంకో గంట కోస్తే బాగుండునని దేవుణ్ణి వేడుకుంటోంది.

కారణం బల్ల రెండో చివర కూర్చున్నాడు. శరత్‌చంద్ర, కాలేజీ వాళ్ల ఇంజనీరు. గుంటూరు పొలిమేరలోని ఈ హాస్టల్ వంటశాలకు కిందటి నెల కొత్త బాయిలర్ పెట్టారు. దాని ఆవిరితోనే పన్నెండు వందల మందికి అన్నం, పప్పు, ఇడ్లీలు. ఆవిరి తన పని ముగించుకుని నీళ్లుగా దిగుతుంది. కాలిపోయే ఆ నీళ్లను ప్రహరీ వెంట ఉన్న వాన కాలవలో కలపాలని పని కాగితంలో రాశారు. కాలవేమో బాయిలర్‌కి నూట ఎనభై అడుగుల దూరం. ఆ పైపు పని మాబుది. అతను వేసింది నూట యాభై అడుగులే. వంటశాల వెనక కరీమున్, మరో నలుగురు ఆడవాళ్లు గుండిగలు కడిగే తొట్టి దగ్గర ఆపేశాడు. తెల్లారకముందే చన్నీళ్లలో చేతులు పెట్టి, జిడ్డు వదలక, వేళ్లు కొంకర్లు పోయి తిట్టుకునే ఆడవాళ్లకు నెల రోజులుగా వేడినీళ్లు అందుతున్నాయి. ఇంజనీరు కంటపడితే మిగతా ముప్ఫై అడుగులూ వేయించి ఆ నీళ్లను కాలవపాలు చేస్తాడు.

"టీ తాగి పైపు చూసొద్దాం మాబూ," అన్నాడు శరత్‌చంద్ర.

"చూద్దురుగాని సార్. అసలు దానికి వాటం ఎట్టా కుదిరిందో మీకు తెలియాలిగా!" మాబు బల్ల మీదకి కాళ్లు ముడుచుకున్నాడు. "ఆవిరి నీళ్ల పైపంటే ఆషామాషీ కాదండి. ఎక్కడన్నా గుంట పడి నీళ్లు నిలిచాయా, వెనకొచ్చే ఆవిరి తగిలి పైపు ధనాధనా కొట్టుకుంటది. ఈ చివర నించి ఆ చివర దాకా వాలు తప్పకూడదు. జనం ట్యూబ్ లెవెల్ పెడతారు, దారం కడతారు. నేను ఒక కన్ను మూసి చూశానంతే."

"రెండోదీ మూసుంటావు మామా," అన్నాడు ఆటో నడిపే కలీం.

"నువ్వాగరా. పైపులో గోళీ వేశాను సార్. గలగలా పోయింది, ఎక్కడా ఆగలా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చివరికొచ్చి పడింది," అన్నాడు శరత్‌చంద్ర.

కరీమున్ చప్పున మాబు వైపు చూసింది. చివరంటే తొట్టి.

"పడితే అది నా వాటం ఎట్టా అవుద్దండీ! అదే ఊపులో కాలవ దూకింది, రోడ్డెక్కింది, బైపాసులో లారీని దాటింది. నేను బండేసుకుని వెంటపడ్డా. చిలకలూరిపేటలో టీకి నేనాగాను గానీ అది ఆగలా. మార్టూరు, మేదరమెట్ల, ఒంగోలు! చివరికి కొత్తపట్నంలో వలకి చిక్కింది. ఇదేం చేపరా, పొలుసు లేదని జాలర్లు తన్నుకుంటుంటే వెళ్లి విడిపించుకొచ్చా."

"టోల్‌గేటు దగ్గర ఆపలేదా?" అన్నాడు కలీం.

"రెండు చక్రాల బండికే టోలు లేదు కదరా. గోళీకి ఆ రెండూ లేవాయె!"

ఖాదర్‌బీ నవ్వాపుకోలేక గ్లాసు వదిలేసింది. శరత్‌చంద్ర కూడా నవ్వుతున్నాడు, కానీ అతని టీ సగానికి దిగింది. కరీమున్ చూపంతా ఆ గ్లాసు మీదే.

"అప్పుడు తట్టింది సార్ నాకు. వాటం అంత దూరం ఉంటే కాలవ దగ్గర ఆపటమేంటని పైపు సముద్రం దాకా వేసేశా."

"క్లాంపులు ఎన్ని పట్టాయి మామా?"

"క్లాంపులెందుకు? దారి పొడుగునా కరెంటు స్తంభాలు లేవూ! ఒంగోలు దగ్గర మాత్రం ఒక చోట జారబోయింది. ఒంగోలు గిత్త ఒకటి వచ్చి మూపురం ఆనించి నిలబడింది. వేడినీళ్ల పైపాయె, చలికాలం వెచ్చగా ఉందని ఇప్పటికీ కదలటంలా."

"అన్నా, కొత్తపట్నం నూట ఇరవై కిలోమీటర్లు," అంది ఖాదర్‌బీ. "ఎన్నాళ్లు పట్టిందేంటి?"

"మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చా. కావాలంటే కరీమున్‌ని అడుగు!"

అందరూ ఆమె వైపు తిరిగారు. మామూలుగా అయితే ఇక్కడ ఆమె 'ఛీ, సిగ్గులేదూ' అని లేచిపోవాలి.

"వచ్చాడు," అంది కరీమున్. "చేపలు కూడా తెచ్చాడు."

మాబు నోరు వెళ్లబెట్టాడు. కోతలో పెళ్లాం సాక్ష్యం పలకడం అతనికి ఇదే మొదలు. తేరుకుని రెట్టించిన గొంతుతో అందుకున్నాడు. "చేపలంటే పచ్చి చేపలనుకునేరు! మన నీళ్లు పడగానే సముద్రం మైలు మేర కాగి, చేపలన్నీ ఉడికి తేలాయి. పైపు మిరప కళ్లాల మీదుగా పోయిందిగా, కారం దారిలోనే పట్టేసింది. ఉప్పు సముద్రానిదే. ఊరు ఊరంతా కంచాలు పట్టుకుని..."

శరత్‌చంద్ర గ్లాసు కింద పెట్టాడు. "బాగుంది మాబూ. కానీ నేను పొద్దున ఆరింటికే వచ్చాను. కాలవ పొడుగునా నడిచాను. అందులో ఒక పిల్లి నాలుగు కూనలను పెట్టుకుని పడుకుంది. దాని ఒంటికి తడి కూడా లేదు."

కలీం నవ్వు ఆగిపోయింది.

"తొట్టీ చూశాను. కొట్టుగదిలో రెండు పైపులు మిగిలున్నాయి. ఎందుకాపావక్కడ?"

జిల్లాలకు జిల్లాలు దాటిన నోటికి ముప్ఫై అడుగుల దగ్గర మాట అందలేదు. మాబు తన అరచేతుల వంక చూసుకున్నాడు. "పైపు చాల్లేదండీ," అన్నాడు చివరికి. కరీమున్ విన్న అతని కోతలన్నిటిలోకీ చిన్నది, చేతకానిది అదే.

"చాలింది సార్," అందామె. "మా కోసం ఆపాడు. మేం అడగను కూడా లేదు. పెళ్లినాటి నించీ లేనివన్నీ చెప్పే మనిషి, ఇదొక్కటీ నాకు చెప్పలా. తొట్టిలో చెయ్యి పెట్టాకే తెలిసింది."

టీ పొంగబోతే ఖాదర్‌బీ మంట తగ్గించింది.

"నీళ్లు మరీ వేడమ్మా," అన్నాడు శరత్‌చంద్ర. "తిన్నగా తొట్టిలో పడితే ఏదో ఒక రోజు ఎవరి చెయ్యో కాలుద్ది. మధ్యలో పెద్ద డ్రమ్ము పెట్టి, అందులో చన్నీళ్ల పంపు కలుపు మాబూ. డ్రమ్ము నిండి పొర్లేది ఆ మిగిలిన పైపులతో కాలవలోకి వదులు. కాగితంలోనూ కాలవ అనే ఉంది. నేను అట్లాగే రాస్తాను."

మాబు ఛాతీ మళ్లీ పొంగడం కరీమున్ చూసింది. "డ్రమ్మంటే గుర్తొచ్చింది సార్, మొన్నామధ్య నేనొక డ్రమ్ము..."

"ముందు ఆ పిల్లిని అక్కణ్ణించి మార్చు," అంది కరీమున్.

మాబు మారుమాట్లాడకుండా ఖాదర్‌బీ దగ్గర ఖాళీ బిస్కెట్ల పెట్టె అడిగి తీసుకుని హాస్టల్ గేటు వైపు నడిచాడు. ఒక్కడికే నాలుగు కూనలూ చిక్కవని కరీమున్ కూడా వెనకాలే లేచింది.