కిందికి చూడని ఒంటె

సౌదీలో రాస్ తనూరా శివార్లలో లేబర్ క్యాంపు. శుక్రవారం పొద్దున, సెలవు. నాలుగు మంచాల గదిలో ఒక మంచం మీద పరుపు చుట్టిపెట్టి ఉంది, అది యాదగిరిది. కిటికీ దగ్గర సురేంద్ర కార్టూన్ వీడియో కోసం బొమ్మలు గీస్తున్నాడు. ముసలి మేస్త్రీ లింబాద్రి ఎదురుగా కూర్చుని, ఒంటె ఎట్లా పరుగెత్తాలో చెబుతున్నాడు.

“గట్ల కాదు పిలగా. ఒంటె ఉరికేటప్పుడు మెడ ముందటికి వోవాలె. ఉనైజాల ఖర్జూరం తోటల పనిచేసినప్పుడు నా కండ్లార సూసిన. మిద్దె మీదికెల్లి గాలిల నాలుగడుగులేసింది.”

“పోయిన వారం మూడే అన్నవ్ కాకా.”

“వారానికి ఒక్కటన్న పెరగదా? గీయి. మేక ఖుబూస్ రొట్టె ఎత్కపోతది, ఒంటె ఎంటవడ్తది, మిద్దె అంచు దాటి గాలిల ఉరుకుతది. గంతే.”

“గంతే అంటె? పడొద్దా?”

“కిందికి సూడనంతసేపు పడదు. యాదగిరి వెట్టిన రూలే గది.”

“సూసినంక పడ్తది. ఖుబూస్ లెక్క సాపైతది. దుమ్ము దులుపుకొని లేస్తది. గది గూడ యాదన్న రూలే. బిడ్డ కోసం గీసిన ప్రతి బొమ్మల గట్లనే గీసిండు.”

“ఫోన్ల చార్జింగ్ ఉన్నదా? సెకండుకు ఎనిమిది బొమ్మలు ఫొటో తియ్యాలె. మల్ల సగంల ఆగిపోతది.”

“మాట మార్చకు కాకా. యాదన్న పోయి ఏడు వారాలు. ఏడు బొమ్మలు ఆయన పేరు మీద పంపినం. ఒక్కదాంట్ల గూడ ఒంటెను పడనియ్యలే. అంచు దాటి గాలిల ఉరికిచ్చి ఎన్కకు మర్లిస్తున్నం.”

“పడితె అరుపు వెట్టాలె. ఎవని అరుపు వెడ్తవ్?”

“యాదన్నదే. రికార్డు చేసింది ఫోన్ల ఉన్నది గదా, ‘ఓ యవ్వా’ అని.”

“గదే. ఆ దినం నేను కింద ఇటుకలు అందిస్తున్న. స్కాఫోల్డింగ్ మీదికెల్లి గదే అరుపు. బిడ్డ బొమ్మ కోసం అరుస్తున్నడనుకున్న. తలెత్తకుంట నవ్విన సురేంద్రా. నవ్విన.”

“ఇడువు కాకా. ఇగ ఆ ముచ్చట ఇడువు.”

“గోడ మీద సూడు. వాడు ఆఖరుకు గీసిన ఒంటె. నిన్నటి దాక ముందటికి సూస్తుండె. ఇయ్యాల కిందికి సూస్తున్నది.”

“నీ కథలల్ల గిదొకటి.”

“నువ్వే సూడు.”

“...అతుకు ఊడి కాయితం వంగిందేమొ.”

“అట్లనే అనుకుందాం.”

“కాకా, దాన్ని తీసి పరుపు కింద వెట్టు. అది సూస్తుంటె నాకు చెయ్యి ఆడ్తలేదు.”

“మీ వదిన ప్రేమలతకు పొద్దుగాల్నే ఫోన్ చేసిన. పనికి వెట్టుకున్న కఫీల్ సంతకం అయింది, ఆదివారం యాదగిరి పెట్టె విమానం ఎక్కుతదని చెప్పిన.”

“వదిన ఏమన్నది?”

“పెట్టె ఇంటి ముందట దిగే దాక పిల్లకు ఎరుక కానియ్యద్దన్నది. ఇయ్యాల గూడ బొమ్మ పంపుమన్నది. ‘వాళ్ళ బాపే పంపుతున్నడని నవ్వుతది. ఆ నవ్వు సూసే ఇంత బువ్వ తింటున్న’ అన్నది.”

“అయితె గిదే ఆఖరు బొమ్మ. ఒక్కసారి పడనిద్దాం కాకా. పడి లేస్తది.”

“లేవనోని ఇంటికి లేచే ఒంటెను పంపుతవా?”

“మరేం గీయాలె? నువ్వే చెప్పు.”

“నాకు తెల్వది బిడ్డా. అబద్ధాలు చెప్పుడు ఒక్కటే వచ్చు నాకు. గిది ఎట్ల చెప్పాల్నో తెల్వది.”

“ఆగు. వదిన నంబర్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.”

“గట్టిగ పెట్టు, నాకు ఇనవడదు.”

“లింబాద్రి తాతా, నేను భాగ్యను. అమ్మ నీళ్ళకు పోయింది, జెప్పన చెప్త. బాపు ఒంటె ఎప్పుడు పడ్డా లేస్తుండె. మీ ఒంటె పడ్తనే లేదు. మొదటి వారమే నాకు సమజైంది తాతా. బొమ్మలు మట్టుకు ఆపకుండ్రి, అమ్మకు చెప్పకుండ్రి. నేను నవ్వితెనే అమ్మ బువ్వ తింటది.”