స్ప్రే గది తనిఖీ

2008 జూన్, ఏలూరు. తివాచీలు నేసే ఒక షెడ్డులో తనిఖీకి వచ్చిన ఫ్యాక్టరీల అధికారి, స్ప్రే కొట్టే కార్మికుడు స్ప్రే గది తలుపు బయట నిలబడి మాట్లాడుకుంటున్నారు.

“తివాచీల మీద ఏం కొడుతున్నారు?”

“నానో వెండి కలిపిన నీళ్లండీ, కంటికి ఆనని వెండి పొడంట. క్రిములు చేరవంట. విదేశాల వాళ్లు అడిగారంట.”

“ఎన్నాళ్ల నుంచి?”

“ఏడు నెలలండీ. దగ్గు మొదలై అయిదు నెలలు.”

“డబ్బా మీద జాగ్రత్తలేమీ రాయలేదా?”

“తివాచీని ఎండలో పెట్టొద్దని రాసుందండీ.”

“ఓనరుకి చెప్పారా?”

“చెప్పానండీ. మిఠాయి మీద వెండిరేకు తింటున్నాం కదా, మాకేమైంది అన్నారు.”

“అది కడుపులోకి పోతుంది. ఇది ఊపిరితిత్తుల అడుగుదాకా పోవచ్చు.”

“ఆ మాట రాయండి సార్. రాస్తే నన్ను మళ్లీ మగ్గం మీదికి పంపిస్తారు.”

“పోవచ్చు అన్నాను, పోతుంది అనలేదు. గాలిలో వెండి ఎంత ఉండొచ్చో రూలు తూకం మీద ఉంది. ఇది ఆ తూకానికి అందనంత తేలిక. ఫారంలో ‘దుమ్ము కనిపించిందా’ అని ఉంది.”

“కనిపించదండీ.”

“అందుకే ‘లేదు’ అని రాశాను.”

“గదిలోకి రాకుండానే రాసేశారా అండీ?”

“వస్తాను. ముందు ఒక మాస్కు ఇప్పించండి.”

“మాస్కులు లేవండీ. నేను తువ్వాలు కట్టుకుంటాను. ఇదిగోండి, మీరూ కట్టుకోండి.”

“తువ్వాలు దీన్ని ఆపదయ్యా. మాస్కు లేకుండా నేను ఆ గదిలోకి రాను.”

“ఆ ఒక్క ముక్క ఫారంలో రాయండి సార్.”