ట్యాంకు నుంచి దిగిన చుట్టాలు

“రోజుకు అరవై స్లైడ్లు చూసేవాణ్ణి. అంతకు మించి ఒక్కటీ లేదు. ఉన్నదానికి లేనిది కలపడం నాకు చేతకాదు” అన్నాడు లెన్సు మావయ్య.

ఆ మాట పడిందంటే ఇక అరగంట ఎవరూ కదలరని టీ కొట్టు బాబాయికి తెలుసు. స్టవ్ మంట తగ్గించి, స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

టీబీ ల్యాబు గేటుకు ఎదురుగా ఉన్న ఆ కొట్టు దగ్గర, నెలలో మొదటి సోమవారం మధ్యాహ్నం, ల్యాబులో పని చేసి రిటైరైనవాళ్లు కలుస్తారు. ఒకప్పుడు తొమ్మిది మంది వచ్చేవారు. ఇప్పుడు ఇద్దరే మిగిలారు. ఎనిమిదేళ్ల కిందటి దాకా మైక్రోస్కోపు ముందు కూర్చున్న లెన్సు మావయ్య ఒకరు, గుడ్లక్క ఒకరు. టీబీ క్రిములను పెంచి చూడాలంటే వాటికి గాజు గొట్టాల్లో కోడిగుడ్ల సొనతో మేత తయారు చేయాలి. ముప్పై ఏళ్లు రోజుకు నాలుగు డజన్ల గుడ్లు పగలగొట్టి ఆవిడ ఆ పేరు తెచ్చుకుంది. శాంపిళ్లు తెచ్చే వ్యాను డ్రైవరు ఎటూ అక్కడే ఉంటాడు.

ఈసారి చిన్న డాక్టరమ్మ కూడా వచ్చింది. ల్యాబుకు ఇప్పుడు ఆవిడే పెద్ద. ఆవిడ టీ కోసం రాలేదు. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. పొద్దున పద్నాలుగు మంది కఫం పరీక్షిస్తే, పది స్లైడ్లలో క్రిములు కనబడ్డాయి. మామూలుగా ఒకటి, మహా అయితే రెండు. నాలుగింటికి రిపోర్టుల మీద సంతకం పెట్టాలి. పెడితే పది ఇళ్లలో ఆరు నెలల మందులు మొదలవుతాయి; ఆ పదిమందిలో ఒకావిడ పసిపిల్లల బడిలో టీచరు. ఆపితే, ఉన్నది నిజంగా టీబీయే అయితే, పదిమందీ దగ్గుకుంటూ జనంలోకి పోతారు. గంటల్లో తేల్చే మెషీనుకు కిట్లు అయిపోయి వారమైంది. పెంచి చూద్దామంటే ఆరు వారాలు. క్రిములు కనబడేందుకు స్లైడుకు వేసే రంగు సీసాలు చూసింది, బాగానే ఉన్నాయి. రంగేశాక స్లైడ్లు కడిగే నీళ్ల డబ్బా చూసింది, దాని మీద డిస్టిల్డ్ వాటరనే రాసి ఉంది. ఇలాంటిదే పాతికేళ్ల కిందట ఒకసారి జరిగిందని లెన్సు మావయ్య నోటే ఎప్పుడో విన్నట్టు గుర్తొచ్చి రోడ్డు దాటింది.

“ఆ పన్నెండు స్లైడ్ల రోజు సంగతి చెప్పండి మావయ్యగారూ” అంది.

“అదా తల్లీ. అది చిన్న విషయం. మొదటి స్లైడు పెట్టాను, నీలం మీద ఎర్ర పుల్లలు. రంగేస్తే టీబీ క్రిమి కనబడేది అలాగే. రెండోది పెట్టాను, ఎర్ర పుల్లలు. పన్నెండూ అంతే. ఇంకొకడైతే పన్నెండుగురికీ టీబీ అని రాసి ఇంటికి పోయి పడుకునేవాడు. నేను రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పుకోండి. చూపు. టీబీ క్రిమి నా కంట పడితే తల వంచుకుంటుంది, ఎన్నేళ్ల పరిచయం. ఇవేమో కాలు మీద కాలేసుకు కూర్చున్నాయి.”

“క్రిములకు కాళ్లుంటాయా మావయ్యా?” అన్నాడు డ్రైవరు.

“నీలాంటివాడు చూస్తే ఉండవు. అప్పుడు అర్థమైంది నాకు, ఇవి టీబీ కాదు, టీబీ చుట్టాలు. ఇంటిపేరు ఒకటే, బుద్ధులు వేరు. నీళ్లలో, మట్టిలో వాటి మానాన అవి బతుకుతుంటాయి, రంగేస్తే మాత్రం అచ్చం దానిలాగే ఎర్రబడతాయి. సరే, నేనంటే సరిపోదు, రుజువు కావాలి. గుడ్డు మేత మీద వేశాను. లోకంలో ఎవరికైనా వారాలు పడుతుంది. నేను గొట్టం ముందు కుర్చీ వేసుకుని కళ్లు ఉరిమి చూశాను. పొద్దున వేస్తే మధ్యాహ్నం భోజనాల వేళకి నువ్వుగింజంత, సాయంత్రానికి కాలీఫ్లవరంత అయ్యి, మూత తోసుకుని బయటికి తొంగి చూసింది.”

“ఆ గొట్టాలు కడిగింది నేనే. మూతలన్నీ బిగించే ఉన్నట్టు గుర్తు” అంది గుడ్లక్క.

“నేను మళ్లీ బిగించానక్కా, నీకు పనెందుకని. ఇంతలో ఏమైందో వినండి. ‘ఎవర్రా మీరు?’ అని గట్టిగా అడిగాను. గజగజ వణికాయి. ‘మేం పైన నీళ్ల ట్యాంకులో కాపురముంటాం బాబయ్యా, దారి తప్పి దిగాం’ అన్నాయి.”

చిన్న డాక్టరమ్మ ముందుకు వంగింది. “ట్యాంకులోవి స్లైడు మీదికి ఎలా వచ్చాయి?”

“అక్కడికే వస్తున్నా తల్లీ” అన్నాడు గాని, అక్కడికి రాలేదు. “ఈల వేశాను. పన్నెండు స్లైడ్ల మీంచి లేచి బారులు తీరాయి. పంపు ఎక్కి, గొట్టం ఎక్కి, మూడో అంతస్తు నుంచి మేడ మీదికి పాకి ట్యాంకులోకి పోయాయి. చివర్లో ఒక ముసలిది ఎక్కలేక ఆయాసపడుతుంటే దూదిపుల్ల మీద కూర్చోబెట్టుకుని నేనే దిగబెట్టి వచ్చాను. ఆ సంగతి ఎలా పొక్కిందో, సముద్రాలు దాటి ముగ్గురొచ్చారు. వారం రోజులు నా ఎడమ కంటికి కొలతలు తీసుకున్నారు. ఇప్పుడు లోపల రెండు గంటల్లో రిపోర్టిచ్చే మెషీను ఉంది చూడండి, అది ఆ కొలతలతో చేసిందే.”

“మరి కుడి కన్ను?” అన్నాడు బాబాయి.

“అది ఇవ్వనన్నాను. ఇంటికి కావాలిగా.”

అందరూ నవ్వారు. కాగితం చేతిలో ఉన్నా చిన్న డాక్టరమ్మకూ నవ్వొచ్చింది. పద్నాలుగేళ్ల కిందట ఆవిడ చదువుకోవడానికి ఈ ల్యాబుకే వచ్చింది. అప్పుడు మెషీను లేదు. కిటికీ పక్కన పొడుగాటి బల్ల, స్పిరిటు దీపాలు, గది నిండా వేడెక్కుతున్న ఎర్ర రంగు ఘాటు, బల్ల చివర గుడ్లక్క గొట్టాలు లేత ఆకుపచ్చగా వరసలు తీరి ఉండేవి. “మరగనివ్వకు తల్లీ, ఆవిరి లేస్తే చాలు” అనేవాడాయన. మొదటి క్రిమిని చూపించింది ఆయనే. “దాన్ని వెతక్కు. చూస్తూ కూర్చో. అదే కనబడుతుంది” అన్నాడు. సగం రోజు కూర్చుంది, కనబడింది. ఒక్కో స్లైడు మీద వంద చోట్లు చూడందే దాన్ని దింపేవాడు కాదు. అందులో కోతలేం లేవు, ఆవిడ పక్కన కూర్చుని లెక్కపెట్టింది. ఆ బల్ల ఇప్పుడు లేదు. అక్కడ మెషీను, దానికో ఏసీ.

కాగితం మడత విప్పి ఆయన ముందు పెట్టింది.

“పద్నాలుగులో పది మావయ్యగారూ. మూడున్నర కావస్తోంది. నాకు ఒక్కటే కావాలి. ఆ రోజు నీళ్లు ఎలా కలిశాయి?”

ఆయన కాగితం వంక చూశాడు. అంకెల మీద వేలు పైనుంచి కిందికి నడిచింది. “పాత రోజులు తల్లీ. అన్నీ గుర్తుండవు” అన్నాడు. ఇంతసేపూ ముసలి క్రిమి ఆయాసం కూడా గుర్తున్న మనిషి.

గుడ్లక్క గ్లాసు కింద పెట్టింది.

“నేను చెప్తాను డాక్టరమ్మా. ఆ నెలలో లిఫ్టు చెడిపోయింది. డిస్టిల్డ్ వాటరు కింద గదిలో తయారవుతుంది, స్లైడ్లు కడిగేది మూడో అంతస్తులో. ఇరవై లీటర్ల డబ్బా. ఈ తమ్ముడికి మోకాళ్ల నొప్పి. కొళాయి విప్పి డబ్బా నింపేశాడు, పైన రాసింది రాసినట్టే ఉంది. ట్యాంకులోని క్రిములు ఆ డబ్బాలో స్థిరపడ్డాయి, కడిగిన ప్రతి స్లైడుకూ అంటుకున్నాయి. పన్నెండుగురికీ టీబీ అని రాసి రిపోర్టులు పంపిందీ ఇతనే.”

లెన్సు మావయ్య కాగితాన్ని మళ్లీ మడత పెట్టాడు.

“పట్టుకున్నది చూపూ కాదు, ఈలా కాదు. నా మేతకూ డిస్టిల్డ్ నీళ్లే కావాలి. కింది నుంచి ఎవరూ డబ్బా మొయ్యలేదు, పైన డబ్బా నిండుగా ఉంది. ఇదేమిటా అనిపించి, ఏమీ పూయని ఖాళీ గాజుపలకకు రంగేసి, ఆ నీళ్లతో కడిగి ఇతని మైక్రోస్కోపు కింద పెట్టాను. దాని నిండా ఎర్ర పుల్లలే. ‘గాజు దగ్గదు కదా తమ్ముడూ’ అన్నాను. ఆ వేళ ఇతను అన్నం తినలేదు.”

ఖాళీ స్లైడుకు రంగేసి చూసే అలవాటు తను చదువుకున్న రోజుల్లోనూ ఉండేదనీ, మెషీను వచ్చాకే దాన్ని అందరూ వదిలేశారనీ చిన్న డాక్టరమ్మకు అప్పుడు తట్టింది.

“మన లిఫ్టు...” అంది.

“గురువారం నుంచి లేదు మేడం. పెట్టెలన్నీ మెట్ల మీదే మోస్తున్నాను” అన్నాడు డ్రైవరు.

డాక్టరమ్మ ల్యాబుకు ఫోన్ చేసింది. కడిగే నీళ్లు ఎక్కడివని అడిగింది. అవతల టెక్నీషియను కాసేపు నసిగి, కొళాయివే మేడం అన్నాడు. “రిపోర్టులు ఏవీ పంపకండి. డబ్బా అలాగే ఉంచండి. ఖాళీ స్లైడు ఒకటి రంగేసి, ఆ నీళ్లతోనే కడిగి పెట్టండి, నేను వచ్చి చూస్తాను. తర్వాత కింది నుంచి కొత్త నీళ్లు తెప్పించి పద్నాలుగు శాంపిళ్లూ మొదటి నుంచి చేద్దాం” అని చెప్పి లేచింది.

“ముసలి క్రిమి కనబడితే అడిగానని చెప్పండి మేడం” అన్నాడు డ్రైవరు. ఎవరూ నవ్వకపోయేసరికి గ్లాసు కడగడానికి పోయాడు.

“ఆ పన్నెండుగురూ ఏమయ్యారక్కా?” అంది డాక్టరమ్మ, బయల్దేరబోతూ.

“మందులు ఆపించారు. ఎవరికీ ఏం కాలేదు. ఒక బాలింత ఉండేది. జబ్బు అంటుకుంటుందని వాళ్లింట్లోవాళ్లు బిడ్డను వేరే ఊళ్లో పెట్టారు. తొమ్మిది రోజులు. పాలు గడ్డకట్టి జ్వరంతో వచ్చింది పాపం.”

“తొమ్మిది కాదు. పదకొండు” అన్నాడు లెన్సు మావయ్య.

గుడ్లక్క ఆయన వంక తిరిగింది. “ఇది కూడా పెంచి చెప్తున్నావా తమ్ముడూ?”

“లేదక్కా. పదకొండే.”