కోదండరామ్ గారు తవ్వి తీసిన ఎముక

కెనడాలోని సస్కటూన్‌లో మా గ్యారేజీ తలుపెత్తి నాలుగు కుర్చీలేస్తే అదే మా టీకొట్టు. ఆ శనివారం కోదండరామ్ గారు వచ్చి కూర్చుంటూనే చేతిరుమాలు విప్పి, ఒక ఎముకను బల్ల మీద పెట్టారు. వచ్చే గురువారమే ఆయన సిటిజన్‌షిప్ ఓత్, పౌరసత్వ ప్రమాణం, పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్న రోజు. అయినా ధ్యాసంతా ఎముక మీదే.

"మొన్న పక్క ప్రావిన్స్ ఆల్బర్టాలో పిక్నిక్‌కి వెళ్ళినప్పుడు మీరంతా అంత్యాక్షరి ఆడుతున్నారా, నేనలా పక్కకెళ్తే మట్టిలో ఇది కాస్త కనపడింది చక్రధర్. ఇంకోడైతే ఫొటో తీసుకుని పోతాడు. నేను కారులోంచి మంచు పార తీశా. భూమి పొరలు పొరలుగా ఉంటుంది కదా, పైది కొత్తది, కిందది పాతది. పూర్వం పండితులు ఆ పొరల్లో శిలాజాలు చూసే కదయ్యా, జీవులు మారుతూ వచ్చాయేమోనని అనుమానపడింది? ఇప్పుడు లేని జంతువులు, ఉన్నవాటికి చుట్టాల్లాంటివి, బయటపడేసరికి తలలు పట్టుకున్నారు. నేనూ తవ్వుకుంటూ పోయా. అరగంటలో పది కోట్ల ఏళ్ళు దిగా."

"మీ నడుం నొప్పో?" అన్నాను.

"డైనోసార్ల పొరలో కాసేపు రెస్ట్ తీసుకున్నాలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకా దిగితే కాళ్ళకి తడి. పాత సముద్రం, ఇంకా ఆరలేదు. చేపలకి కాళ్ళొస్తున్న టైమది. ఒకదానికి ముందు రెండూ వచ్చాయి, వెనకవి రాలేదు. మారాయంటున్నారు సరే, మధ్యలోవి చూపించండని ఆ పండితుల్ని అందరూ నిలదీశారు చూడు, ఆ మధ్యలోది ఇదే. నన్ను చూసి ఈదబోయి, మనసు మార్చుకుని నడిచింది."

"అయితే ఆల్బర్టాలో తవ్వి ఇక్కడికి తెచ్చేశారా?" అన్నాను. "శిలాజాలు అక్కడి ప్రభుత్వానివండీ. పర్మిట్ లేకుండా తవ్వితే నేరం, ప్రావిన్స్ దాటిస్తే ఇంకో నేరం. ఓత్ ముందు, మీ మీద కేసులేమీ లేవని సంతకం పెట్టాలి కదా?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు. "తవ్వలేదయ్యా. ఊరికే గీకా."

"సముద్రం దాకానా?"

"వేలెడు లోతు. పదకొండేళ్ళు చక్రధర్. మా ఆవిడ పట్టుచీర కూడా ఇస్త్రీ చేసి పెట్టుకుంది." నాకూ భయమేసింది.

నా భార్య నీరజ పశువుల డాక్టరు. లోపల్నుంచి వచ్చి ఎముకను అటూ ఇటూ తిప్పి చూసింది. "అన్నయ్యగారూ, ఈ కొస చూడండి, రంపంతో కోశారు. ఇది మేక కాలు. ఆ రోజు బిర్యానీ వండింది నేనే. ఎవరో మూలుగ పీల్చి అక్కడ పారేసి ఉంటారు."

మామూలుగా ఆయన మాట కాదంటే వారం రోజులు మాట్లాడరు. ఇప్పుడు మాత్రం అదే రుమాలుతో కళ్ళు తుడుచుకున్నారు.

"మేకదేనా అమ్మా? ఖాయమా?"

"ఖాయం."

"హమ్మయ్య. ఆ మాటే ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వమ్మా," అన్నారు.